కొండమీది నీళ్ళకు దిక్కెవరు?

లంబసింగి ఘాటు ఎక్కి చింతపల్లి వైపు పోతూ, ఒకచోట రోడ్డు వదిలి అడవిలోకి నడిస్తే, రెండు కొండల నడుమ ఒక చెరువుంది. దాని పేరు రాయను. రాస్తే వచ్చే శనివారానికి ఆ గట్టున ఇంకో పాతిక గుడారాలు లేస్తాయి. పేరు బయటికి పొక్కకముందే దానికి పట్టిన గతి చూసి వచ్చాను. కడుపు రగిలి రాస్తున్నాను.

డిసెంబరులో ఒక ఆదివారం. మంచు ఇంకా విడలేదు. రాత్రి అక్కడ మకాం వేసినవాళ్ళు అప్పుడే బండ్లెక్కి దిగువకు పోయారు. ఒడ్డంతా బీరు సీసాలు, సగానికి పైగా పగిలినవి. బిర్యానీ పొట్లాలు, వెండిరంగు కాగితపు పళ్ళేలు, కుర్‌కురే సంచులు, పసిపిల్లల డైపర్లు. మూడు చోట్ల నెగళ్ళు ఇంకా పొగలు కక్కుతున్నాయి. వాటిలో కాలింది ఎండుపుల్ల కాదు, అప్పుడే నరికిన పచ్చికొమ్మ. గిన్నెలు తోమిన సబ్బు నురగ నీటి అంచున తేలుతోంది. ఇక పొదల చాటు సంగతి. మర్యాద కోసం చెప్పకుండా ఊరుకోవచ్చు గానీ, ఈ మర్యాదల వల్లే కదా ఇంతదాకా వచ్చింది! నీటికి పది అడుగుల దూరంలో, ఒక్కో పొద వెనక ఒక్కొక్కరి దొడ్డి. పైన కప్పిన తడి టిష్యూ కాగితాలు. ఒక్క గట్టివాన పడితే అదంతా చెరువులోకే.

ఆవుల్ని తోలుకుని ఒకామె వచ్చింది. నన్ను చూసి పలకరించలేదు. ముందు గాజుపెంకులు ఏరింది, వాళ్ళు పారేసిన పళ్ళెంలోనే పోసింది, ఆ తర్వాతే పశువుల్ని నీటికి వదిలింది. అలవాటైన పని అని ఆ చేతుల్ని చూస్తేనే తెలుస్తోంది.

"రోజూ ఇంతేనా అమ్మా?" అన్నాను.

"సలికాలమంతా ఇంతే బాబూ. మొన్న మా పెయ్యకి కాలు తెగిపోనాది. గెడ్డ ఎండిపోతే మేం తాగేదీ ఈ నీరే."

"ఎవరికీ చెప్పలేదా?"

"సెప్పినాం. వొచ్చి పొటోలు తీసుకెల్లినారు."

కోస్తా పల్లెల్లో పుట్టినవాళ్ళకు మంచినీళ్ళ చెరువంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. పశువుల చెరువు వేరు, చాకిరేవు వేరు, మంచినీళ్ళ చెరువు వేరు. చెప్పులు గట్టు మీదే విడవాలి. కావిడి ముంచేవాడు కూడా కాళ్ళు కడుక్కునే దిగాలి. తెలియక ఏ కుర్రాడైనా అందులో ఈతకు దూకితే వాడి వీపు విమానం మోత మోగేది. ఆ ఊళ్ళవాళ్ళ పిల్లలూ మనవలే ఇవాళ విశాఖలోనో హైదరాబాదులోనో ఉద్యోగాలు చేసుకుంటూ, శుక్రవారం రాత్రి బయల్దేరి ఈ కొండలెక్కుతున్నారు. నీటి మర్యాద వీళ్ళకు తెలియదంటే నేను ఒప్పుకోను. తెలుసు. తమ ఊరి చెరువు దగ్గర తెలుసు. ఇక్కడ మాత్రం ఈ నీళ్ళు తాగేవాళ్ళు లెక్కలోకి రారు, అంతే.

లెక్కలోకి రానివాళ్ళ నీళ్ళను పాడు చేయడం మనకు కొత్తేమీ కాదు. 1985 జులైలో కారంచేడులో దళితుల మంచినీళ్ళ చెరువును పాడు చేస్తుంటే ఒక స్త్రీ అడ్డు చెప్పింది. అక్కడ మొదలైన గొడవ మరునాటికి ఆరుగురి ప్రాణాలు తీసింది. ఆ దారుణంతో గుడారాల పిల్లల్ని పోల్చి రెచ్చగొట్టాలని కాదు. ఎదుటివాడి తాగునీటి మీద మనకున్న నిర్లక్ష్యానికి వేళ్ళు ఎంత లోతున ఉన్నాయో గుర్తు చేస్తున్నానంతే.

"మేం రిసార్టులకు పోయే రకం కాదండీ, సౌకర్యాలేమీ లేకుండా అడవిలో గడపాలని వస్తాం" అని ఈ గుడారాలవాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. మంచిదే. కరెంటు లేదు, కుళాయి లేదు, మరుగుదొడ్డి లేదు. అయితే మరుగుదొడ్డి లేనిచోటికి పోయేవాడు దాని పని తనే చేసుకోవాలి కదా? గుడారమైనా, కాలకృత్యమైనా, గిన్నెలు తోమడమైనా నీటికి కనీసం 60 మీటర్ల ఎడంగా. జానెడు లోతున గొయ్యి తవ్వి, పని కాగానే మట్టితో పూడ్చాలి. టిష్యూ కాగితం సంచిలో వేసుకుని వెనక్కి పట్టుకుపోవాలి. 'ప్రకృతికి హాని చేయని సబ్బు' అని అట్ట మీద రాసినది కూడా నీళ్ళలో కలపకూడదు. అది విరిగిపోవాలంటే మట్టి కావాలి. నెగడు తప్పదనుకుంటే రాలిన పుల్లలతో చిన్నది వేసుకుని, చేయి పెడితే చల్లగా తగిలేదాకా నీళ్ళు పోసి ఆర్పాలి. అడవిలో మకాం అంటే ప్రపంచంలో ఎక్కడైనా ఇవే మొదటి పాఠాలు. ఇందులో డబ్బు ఖర్చయ్యేది ఏముంది? ఒక చిన్న గునపం, రెండు సంచులు. వేల రూపాయల గుడారం కొన్నవాడికి గునపం బరువైంది!

ఆ మలం వల్ల వచ్చేది దుర్వాసన ఒక్కటే కాదు. టైఫాయిడ్, పచ్చకామెర్లు, నీళ్ళ విరేచనాలు, అన్నీ ఆ దారినే వస్తాయి. నగరం నుంచి వచ్చినవాడు మూత సీలు వేసిన సీసా నీళ్ళు తాగి పోతాడు. ఊట నీళ్ళు, గెడ్డ నీళ్ళు తాగే ఊరికి జ్వరం మిగులుతుంది. ఆ జ్వరం పడ్డవాడిని ఆసుపత్రికి తీసుకుపోవాలంటే ఇప్పటికీ ఎన్నో గూడేల నుంచి డోలీ కట్టి మోయాల్సిందే. కడుపుతో ఉన్న ఆడవాళ్ళను కర్రకు దుప్పటి కట్టి మోసుకొచ్చే ఫొటోలు పేపర్లలో మీరూ చూసే ఉంటారు. మేఘాలు చూసే కొండకు తెల్లవారుజామున కార్లు బారులు తీరతాయి. పక్క కొండ మీది గూడేనికి అంబులెన్సు ఎక్కలేదు. ఈ రెండూ ఒకే జిల్లాలో.

ఇక కార్యాలయాల భాగోతం. ఆ చెరువు సంగతి చెబుదామని నేనూ తిరిగాను. ఒక ఆఫీసులో "అది మా హద్దులోకి రాదు" అన్నారు. వాళ్ళు చూపించిన రెండో ఆఫీసులో "నీళ్ళు మావే గానీ ఒడ్డు మాది కాదు" అన్నారు. మూడో చోట ఒకాయన జాలిగా చూసి, చెత్త ఎత్తడానికి బండి లేదు, బండి ఉంటే డీజిలుకు డబ్బు లేదు, అయినా సీజను అయిపోతే అదే సర్దుకుంటుందన్నాడు. చెత్త ఎక్కడికి సర్దుకుంటుంది సారూ? చెరువు అడుక్కే కదా! సందర్శకులు ఎంతమంది వచ్చారన్న లెక్క మాత్రం అందరి దగ్గరా ఉంది. చెబుతుంటే మొహాలు వెలిగిపోతున్నాయి కూడా.

చట్టం లేక కాదు ఈ ఖర్మ. చింతపల్లి, పాడేరు ప్రాంతాలు అయిదో షెడ్యూలు కిందికి వస్తాయి. 1996 నాటి పెసా చట్టం అక్కడి చిన్న నీటి వనరుల నిర్వహణను పంచాయతీలకు అప్పగించింది. 2006 అటవీ హక్కుల చట్టం అయిదో సెక్షనులో, అడవినీ వన్యప్రాణుల్నీ నీటి వనరుల్నీ కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, చెంచాలు దేశమంతటా నిషేధం. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బయట లౌడుస్పీకరు మోగకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. ఆ చెరువు గట్టున అర్ధరాత్రి దాకా డీజే పెట్టె మోగిందని గూడెంలో చెప్పారు. 1/70 చట్టం గిరిజనేతరుడికి ఏజెన్సీలో సెంటు భూమి కొనే హక్కు లేదంటుంది. మరి ఆ గదులు, ఆ గుడారాల అద్దె వ్యాపారాలు ఎవరి పెట్టుబడితో నడుస్తున్నాయి? బినామీ అన్న మాట అక్కడ బడిపిల్లలకు కూడా తెలుసు. తెలియాల్సిన కుర్చీలకే తెలియదు.

మనం ఆ కొండలెక్కే రోడ్డు సంగతి కూడా ఒకసారి గుర్తు చేసుకోవాలి. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా రోడ్డు వేయించిన రోజుల్లో, బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దారు గిరిజనుల చేత వెట్టిగా పని చేయించి, కూలి ఎగ్గొట్టాడు. ఆ కడుపుమంట కూడా తోడై గాం గంటందొర, మల్లుదొర అల్లూరి సీతారామరాజు వెంట నడిచారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద పడి తుపాకులు పట్టుకుపోయారు. నూరేళ్ళ తర్వాత, 2022 ఏప్రిల్‌లో, జిల్లాకే ఆయన పేరు పెట్టుకున్నాం. విగ్రహాల పక్కన నిలబడి సెల్ఫీలు దిగుతాం. ఆయన ఎవరి కోసం ప్రాణం ఇచ్చాడో వాళ్ళ తాగునీటి ఒడ్డున సీసా పగలగొట్టి పోతాం. ఇంతకంటే సిగ్గుచేటు ఏముంటుంది?

పత్రికలవాళ్ళం మేమూ తక్కువ తినలేదు. నవంబరు రాగానే 'ఆంధ్రా కశ్మీర్' అని శీర్షిక, పక్కన ఉష్ణోగ్రత అంకె, పొగమంచులో నవ్వుతున్న జంట ఫొటో. వలిసె పూల పొలాల్లో దూరి ఫొటోలు దిగితే పంట నలిగిపోతుందన్న వార్త ఎక్కడో లోపలి పేజీలో నాలుగు లైన్లు. ఇక ఇన్‌స్టాగ్రామ్‌లో 'ఎవరికీ తెలియని చెరువు, లొకేషన్ కోసం కామెంట్ చేయండి' అని ఊరించేవాళ్ళ గురించి మాట్లాడకపోవడమే మేలు. ఒక్క వీడియోతో ఒక చెరువు చచ్చిపోవచ్చని వాళ్ళకు తెలియదా? తెలిసినా లైకులు ఆగవు.

"అయితే ఎవరూ రావద్దంటారా? పర్యాటకంతో వాళ్ళకే కదా నాలుగు డబ్బులు?" అని అడిగేవాళ్ళున్నారు. రావద్దనడం లేదు. రోడ్డు పక్క బొంగు చికెన్ కాల్చి అమ్మే కుర్రాళ్ళకు, టీ కొట్టు పెట్టుకున్న ఆడవాళ్ళకు, రాజ్‌మా, మిరియాలు, కాఫీగింజలు కుప్పలు పోసి అమ్ముకునే రైతులకు సీజను బాగుంటేనే ఇల్లు గడుస్తుంది. కానీ ఆ చెరువు దగ్గర మకాం వేసినవాళ్ళు కట్టెలు తప్ప తిండి, తాగుడు అన్నీ నగరం నుంచే తెచ్చుకున్నారు. గూడేనికి మిగిలింది చెత్త ఒక్కటే. దాన్ని ఎత్తిన కూలి కూడా ఎవరూ ఇవ్వలేదు.

మరోచోట దారి చూపించిన జనం ఉన్నారు. ఉత్తరాఖండ్ చమోలీ జిల్లాలో బేదినీ అనే కొండ మైదానం ఉంది, అందులో ఒక చిన్న కొలను. రూప్‌కుండ్ దారిలో పోయే ట్రెక్కింగ్ బృందాలు అక్కడ గుడారాల వరసలు వేసి, గడ్డినీ నేలనీ పాడు చేస్తుంటే, ఆలీ, బేదినీ పేర్లతో స్థానికులే ఒక సంరక్షణ సమితి పెట్టుకుని కోర్టుకెక్కారు. 2018 ఆగస్టులో నైనీతాల్ హైకోర్టు అలాంటి మైదానాల్లో రాత్రి మకాం కూడదంది, రోజుకు 200 మందికి మించి పోనివ్వవద్దంది. హిమాచల్‌లో చంద్రతాల్ ఒడ్డున గుడారం వేయనివ్వరు. దూరంగా దిగి, నడిచి వెళ్ళి చూసి రావాలి. ఉత్తరాఖండ్ తీర్పు వల్ల కూలీలకూ గైడ్లకూ ఇబ్బందులు వచ్చిన మాట నిజమే. ఆ బాధ మనకు రాకూడదనుకుంటే కోర్టు దాకా పోకముందే మేలుకోవాలి. మనవాళ్ళు మేలుకుంటారా అంటే, ఇప్పటిదాకా చూసినదాన్ని బట్టి నాకు నమ్మకం లేదు.

అయినా అడగక తప్పదు. పాడేరులో కూర్చున్న పెద్దలకు విన్నపం ఇది: నవంబరు లోపు ఆ గ్రామసభల్ని కూర్చోబెట్టండి. ఏ చెరువు దగ్గర మకాం వేయవచ్చు, ఎక్కడ కూడదు, ఎంతమందిని రానివ్వాలి, రుసుము ఎంత, ఇవన్నీ వాళ్ళనే తీర్మానించనివ్వండి. వసూలైన డబ్బు వాళ్ళ ఖాతాలోనే పడాలి. ఊరి యువకులకే కాపలా జీతం ఇవ్వాలి. ఆ డబ్బుతోనే నాలుగు మరుగుదొడ్లు నీటికి దూరంగా కట్టాలి. కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త శాఖ అక్కర్లేదు. ఉన్న కాగితాల మీది దుమ్ము దులిపితే చాలు.

గుడారం సర్దుకుంటున్న మీకూ ఒక మాట. బయల్దేరే ముందు, ఆ చెరువు నీళ్ళు ఎవరు తాగుతారో కనుక్కోండి. ఆ ఊరివాళ్ళ అనుమతి ఉందేమో అడగండి. మీ చెత్త, మీ దొడ్డి మీరే చూసుకోగలరేమో ఆలోచించండి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా దయచేసి ఆ కొండెక్కకండి.