గోగునారపై సైలేన్ పూత: పరిశోధన ఊరవేత గుంట దగ్గర మొదలు కావాలి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో గోగు సాగు తగ్గి, ఆ స్థానంలో మొక్కజొన్న పెరుగుతున్నది. గోనెసంచికే పరిమితమైన ఈ నారను పాలిమర్లతో కలిపి పలకలు, వాహనాల లోపలి భాగాలు తయారు చేయవచ్చునన్న మాట అందుకే ఆశ కలిగిస్తున్నది. అందుకు సైలేన్ కప్లింగ్ ఏజెంటు ఉపకరిస్తుందన్నదీ నిజమే. అయితే ఆ పరిశోధన నారను ఊరవేసే గుంట దగ్గర మొదలు కావాలని నా అభిప్రాయం.

నారలోని సెల్యులోజ్ నీటిని పీల్చుకుంటుంది. పాలిమర్లు చాలావరకు నీటిని దరిచేరనీయవు. అందువలన రెండింటికీ అతుకు కుదరదు. సైలేన్ అణువులో ఒక కొన తేమతో జలవిశ్లేషణ చెంది సెల్యులోజ్‌లోని హైడ్రాక్సిల్ సమూహాలను పట్టుకుంటుంది. రెండవ కొనలోని అమైనో, వినైల్ లేదా ఎపాక్సీ సమూహం తనకు తగిన పాలిమర్‌తో కలుస్తుంది. 1940వ దశకంలో గాజు పోగులకు, పాలియెస్టర్ రెజిన్‌కు మధ్య తేమకు విడిపోయే అతుకును నిలపడానికి వచ్చిన విద్య ఇది. గాజు ఉపరితలం నున్నగా, శుభ్రంగా ఉంటుంది. సరిగా ఊరని గోగునారపై పెక్టిన్, మైనం, బెరడు ముక్కలు మిగిలిపోతాయి. సైలేన్ వాటిపైననే నిలుస్తుంది. అవి ఊడితే పూతా ఊడుతుంది.

కాస్టిక్ సోడాతో కడిగితే చాలదా? కొంతవరకు చాలును. గాఢత మించితే నారే బలహీనపడుతుంది. పైగా ఆ కడుగునీటిని ఏ చెరువులో వదలుతాము?

వర్షాధార పంట కావడంతో ఊరవేతకు మన రైతుకు దొరికేది తరచుగా కొద్దిపాటి నిలవనీరే. అందులో నలుపెక్కిన నారకు ధర తక్కువ. బారక్‌పూర్‌లోని కేంద్ర జనపనార పరిశోధన సంస్థ రూపొందించిన ‘క్రిజాఫ్ సోనా’ సూక్ష్మజీవుల మిశ్రమం ఊరే కాలాన్ని తగ్గించి, నార నాణ్యతను పెంచుతుంది. గోగుపై పరిశోధన చేసే ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన స్థానం పరిధిలో, ఒకే పొలపు నారను ఈ మిశ్రమంతోనూ, మామూలు పద్ధతిలోనూ ఊరవేసి, రెండింటికీ ఒకే మోతాదు సైలేన్ పట్టించి పోల్చి చూడాలి. బజారులో కొన్న తెల్లని నారపై వచ్చిన ఫలితం మన రైతుకు అక్కరకు రాదు.

మరొక విషయం. సెల్యులోజ్‌తో సైలేన్‌కు ఏర్పడే బంధం గాజుతో ఏర్పడే బంధమంత స్థిరమైనది కాదు; నీటికి తిరిగి విడివడగలదు. పొడి నమూనాల తన్యబలం ఒక్కటే చూపే పట్టికలను ఉప్పుగాలి వీచే మన తీరానికి వర్తింపజేయలేము. నీటిలో నానిన తరువాతి బలం, కిలో నారకు అయ్యే సైలేన్ ఖర్చు కూడా అందులో ఉండాలి. మిల్లు ధర కంటే రైతుకు ఎంత ఎక్కువ ఇవ్వగలరో చెప్పే గడి కూడా అదే పట్టికలో చేర్చాలి.