యంత్రమూ మనమూ: చక్రానికి పట్టు ఎక్కడిది?

పుదుచ్చేరిలోని నటేశన్ నగర్‌లో కాపురముంటున్న మా వంటివారికి మంచు అనగా ఫ్రిజ్‌లో గడ్డకట్టేది మాత్రమే. అట్టి నాకు గత శీతకాలంలో ఒక రాత్రి అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం నుండి మా మేనల్లుడు ఫోన్ చేసి, మంచును గూర్చి సలహా అడిగాడు. ఇంటి ముందరి పొడవైన వాలుబాటపై పడిన మంచును తోసివేయడానికి అతడు ఇరవై అయిదు అశ్వశక్తి గల చిన్న ట్రాక్టర్ కొన్నాడు. ముందు పలక ఉన్నది, ఇంజన్‌లో శక్తి ఉన్నది, కాని చక్రాలు ఉన్నచోటనే తిరుగుతున్నవి. "మావయ్యా! టైర్లకు గొలుసులు తొడగమంటున్నారు. అంత శక్తి గల బండికి గొలుసు దేనికి?" అని అతని ప్రశ్న.

ప్రశ్న చిన్నదే గాని, సమాధానం మన వరిపొలాల వరకు వస్తుంది. అందుచేత ఈ నెల శీర్షికకు దానినే విషయంగా స్వీకరించాను.

ట్రాక్టర్ ఎంత బలంగా లాగగలదో నిర్ణయించేది ఇంజన్ ఒక్కటే కాదు, చక్రం క్రింది నేల కూడా. వెనుక చక్రాలపై 600 కిలోల భారం ఉన్నదనుకుందాము. పొడి తారురోడ్డుపై ఘర్షణ గుణకం సుమారు 0.7, అనగా 420 కిలోల వరకు పట్టు లభిస్తుంది. అణగిన మంచుపై గుణకం సుమారు 0.3కు, నున్నని మంచుగడ్డపై 0.1కి పడిపోతుంది. అప్పుడు మిగిలేది 180 కిలోలు, లేదా కేవలం 60 కిలోలు. ఆపైన యాక్సిలరేటర్ ఎంత నొక్కినా చక్రం జారుటయే తప్ప బండి కదలదు.

గొలుసు చేసే పని ఏమిటి? టైరు యొక్క భారాన్ని కొద్దిపాటి ఉక్కు కడియాలపై కేంద్రీకరించి, అవి మంచులోనికి దిగబడి కొరికేటట్లు చేయుట. ఈ ఉపాయం నూతనమైనది కాదు. న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన హ్యారీ వీడ్ అనునతడు 1904లోనే టైరు గొలుసుకు పేటెంటు పొందాడు. మన దేశంలోనూ హిమాలయాల ఎత్తైన కనుమలలో మంచు కురిసిన వేళ గొలుసులు లేని వాహనాలను ముందుకు పోనివ్వకపోవడం పరిపాటి.

మేనల్లునికి నేను చెప్పిన జాగ్రత్తలు ఇవి. నిచ్చెన మెట్లవలె అడ్డంగా మాత్రమే ఉండే గొలుసులు, లోతైన పళ్ళు గల వ్యవసాయపు టైరుపై ఆ పళ్ళ నడుమకు జారి నిరుపయోగమవుతాయి. అట్టి టైరుకు అల్లికగా ఉండే గొలుసు కావాలి. తొడిగే ముందు టైరుకూ మడ్‌గార్డుకూ నడుమ తగిన ఎడం ఉన్నదో లేదో చూడాలి. కొద్ది దూరం నడిపిన పిమ్మట ఆపి మరల బిగించాలి. మంచు లేని రోడ్డుపై గొలుసులతో నడిపితే రోడ్డూ, గొలుసూ రెండూ పాడవుతాయి. వెనుక చక్రాలపై భారం పెంచాలి. టైర్లలో నీరు నింపి బరువు పెంచడం మన రైతులకు తెలిసిన పద్ధతే; అయితే ఆ చలిలో నీరు గడ్డకడుతుంది గనుక అక్కడ కాల్షియం క్లోరైడ్ కలిపిన ద్రావణం వాడుతారు.

ఇక మన పొలాలకు వద్దాము. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోనే భాగమైన యానాం పరిసర గోదావరి డెల్టాలో దమ్ము చేసే ట్రాక్టర్‌ను చూడని తెలుగువాడు అరుదు. దాని టైర్ల ప్రక్కన ఇనుప దమ్ముచక్రాలు బిగించి ఉంటాయి. అదీ పట్టు కొరకే, ఇదీ పట్టు కొరకే. కాని రెండింటి సూత్రాలు విరుద్ధమైనవి. ఫ్రెంచి ఇంజనీరు కూలుంబ్ 1773లో వివరించిన ప్రకారం మట్టి ఇచ్చే ప్రతిఘటనకు రెండు భాగాలు గలవు. ఒకటి భారంతో పెరిగే ఘర్షణ. రెండవది మట్టికి సహజమైన జిగి. నీట నానిన నల్లరేగడిలో మొదటిది దాదాపు శూన్యం. కనుక అక్కడ బరువు పెంచితే బండి మరింత కూరుకొని పోతుందే గాని పట్టు పెరగదు. వెడల్పైన ఇనుప పలకలతో ఎక్కువ మట్టిని ఒడిసిపట్టడమే మార్గం. ఒక్కమాటలో చెప్పాలంటే, మంచులో కొరకాలి, బురదలో పరచాలి.

అవే దమ్ముచక్రాలతో ట్రాక్టర్‌ను తారురోడ్డు ఎక్కిస్తే ఏమగునో వేరుగా చెప్పనక్కరలేదు. బురదలో పరచుకున్న పలకల అంచులే రోడ్డును కొరుకుతాయి. ఉభయ తెలుగు రాష్ట్రాలలోనూ అధికారులు దీనిపై హెచ్చరికలు చేస్తూనే ఉన్నారు. చక్రాలు విప్పి బిగించడానికి పట్టే కొద్ది సమయానికి జంకి, ఊరంతటి రోడ్డును పాడుచేయడం న్యాయం కాదు.

సంభాషణ ముగియబోతుండగా మేనల్లుడు మరొక మాట అన్నాడు. ఒకసారి బండి ప్రక్క గుంటలో దిగబడగా, వెనుక చక్రాలకు అడ్డంగా ఒక దుంగను గొలుసుతో కట్టి నడపమని ఎవరో చెప్పారట. ఆ మాట వినగానే నాకు ఒళ్ళు జలదరించింది.

1988లో కళాశాల సెలవులకు మా ఊరు వెళ్ళినప్పుడు, దమ్ము చేస్తున్న ఒక ట్రాక్టర్ మడిలో దిగబడింది. సరిగా అదే ఉపాయం చేశారు. క్లచ్ వదలిన మరుక్షణం దుంగ బురదలో బిగుసుకొన్నది, చక్రాలు తిరగలేదు. తిరగవలసిన ఆ శక్తి వృథా పోదు గదా! చక్రం తిరగనప్పుడు ఇరుసు చుట్టూ బండియే తిరుగుతుంది. ముందు చక్రాలు గాలిలోకి లేచాయి. డ్రైవరు అనుభవజ్ఞుడగుటచే తక్షణమే క్లచ్ నొక్కాడు; ముందు భాగం దబ్బున నేలపై పడింది. అతడు బ్రతికాడు. గట్టున నిలిచి చూస్తున్న అతని భార్య మాత్రం చాలాసేపు లేవలేక అక్కడే కూర్చుండిపోయింది. ఇంజనీరింగు విద్యార్థినైన నేను ఆ దుంగను మోసినవారిలో ఒకడినన్న సంగతి ఈనాటికీ నన్ను బాధిస్తుంది.

ట్రాక్టర్ వెనుకకు తిరగబడేటప్పుడు ఆపశక్యం కాని స్థితికి చేరడానికి సుమారు ముప్పావు సెకను చాలు. మనిషి ప్రమాదాన్ని గ్రహించి కాలు కదపడానికి దాదాపు అంతే సమయం పడుతుంది. కనుక నేర్పును నమ్ముకోరాదు. దిగబడిన బండిని వచ్చిన దారినే వెనుకకు తీయాలి. కాకున్న చక్రాల వద్ద మట్టి త్రవ్వాలి. అదీ కాకున్న మరొక బండితో లాగించాలి. లాగే ట్రాక్టర్‌కు తాడును ఇరుసు కంటె క్రింద ఉన్న కొక్కెమునకే తగిలించాలి. తాడు తెగి విసురుగా వచ్చే ప్రమాదం కలదు గనుక చుట్టూ ఎవరినీ నిలువనీయరాదు. తెగేదాకా లాగరాదన్న పెద్దల మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

మన సంస్థలోని సోదర ఉద్యోగులలో పలువురికి స్వగ్రామాలలో సేద్యం ఉన్నది. ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు ట్రాక్టర్ నడిపే తమ్మునికో, బావమరిదికో ఈ ఒక్క సంగతి చెప్పిరండి. పట్టు కొరకు టైరుకు గొలుసు తొడగవచ్చు, దమ్ముచక్రం బిగించవచ్చు. చక్రాన్ని కదలనీయని దుంగను మాత్రం కట్టరాదు.

మేనల్లుడు వారం తరువాత మరల ఫోన్ చేశాడు. గొలుసులు తొడిగాడట, బాట శుభ్రమైనదట. దుంగను పొయ్యిలో పెట్టి చలి కాచుకున్నారట!