జాడీల పంపకం సరే, గొట్టాల సంగతి?

మా అత్తయ్య పోయాక ఏ వస్తువు ఎవరికి చెందాలో ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకున్నారు. కాసులపేరు పెద్ద మనవరాలికి. ఇత్తడి గంగాళం నాకు (దాన్ని తోమే భాగ్యం కూడా నాకేనని వేరే చెప్పక్కర్లేదు). ఆవకాయ జాడీల్లో పెద్దది ఆడపడుచుకి, మూత పగిలింది తోడికోడలికి. పన్నెండో రోజు భోజనాల్లో గారెలు ఎవరు వండాలో, ఎవరిని పొయ్యి దగ్గరికి రానివ్వకూడదో పేర్లతో సహా రాశారు. అంత ముందుచూపున్న మనిషి ఒక్క సంగతి మాత్రం రాయలేదు. అందుకే ఆవిడ ఆఖరి 17 రోజులూ ఐసీయూలో గడిచాయి.

2024లో, ఎనభై ఒకటో ఏట, మెదడులో రక్తనాళం చిట్లి పడిపోయారు. నోట్లో ఒక గొట్టం, ముక్కులో ఒక గొట్టం. కాస్త కదులుతున్న ఎడమచెయ్యి గొట్టాన్ని లాగేస్తోందని గుడ్డతో మంచానికి కట్టారు. రోజుకి రెండుసార్లు, ఐదేసి నిమిషాలు చూడనిచ్చేవాళ్ళు. జీవితంలో ఒకరి చేత మంచినీళ్ళు కూడా తెప్పించుకోని మనిషి, కట్టిన చేత్తో అలా పడుకుని ఉంటే చూడ్డానికి ఆ ఐదు నిమిషాలే ఎక్కువనిపించేవి.

పదో రోజున డాక్టరు మా అందర్నీ కూర్చోబెట్టి, ఇక కోలుకునే ఆశ లేదన్నారు. "ఇలాంటి పరిస్థితి వస్తే ఏం చెయ్యాలో ఆవిడ మీతో ఎప్పుడైనా అన్నారా?" అని అడిగారు. అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. డల్లాస్‌లో ఉన్న మా మరిది ఫోన్లో "డబ్బుకి చూడొద్దు అన్నయ్యా, అన్నీ చేయించు" అన్నాడు. రాలేకపోయిన కొడుకు ప్రేమ అలాగే మాట్లాడుతుంది, నేను తప్పుపట్టను. ఆడపడుచు ఏడుస్తూ కూర్చుంది. మావారు ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టారు.

నాకు మాత్రం తెలుసు. అంతకు రెండేళ్ళ ముందు ఒక సాయంత్రం చింతపండు గింజలు తీస్తూ ఎదురింటి పెద్దాయన అవస్థ గురించి మాట్లాడుకుంటుంటే, "నన్ను మాత్రం అలా పడెయ్యకండే. నా మంచం మీద నన్ను పోనివ్వండి" అన్నారు అత్తయ్య. నేనేమన్నానంటారా? "దీపాలవేళ అవేం మాటలత్తయ్యా, తథాస్తు దేవతలుంటారు" అని నోరు మూయించా. ఆసుపత్రిలో ఆ సంగతి నాలిక చివరిదాకా వచ్చింది. కానీ కోడలి నోట్లోంచి "ఇక చాలు" అన్న మాట వస్తే అది ఎలా వినబడుతుందో నాకూ తెలుసు, మీకూ తెలుసు. ఖర్చు కోసం అన్నదంటారు. గంగాళం కోసం అన్నదన్నా అంటారు. ఊరుకున్నా. ఇంకో ఏడు రోజులు.

సంవత్సరీకాలు అయిపోయాక ఒక ఆదివారం తెల్లకాగితాలు ముందేసుకుని నా లివింగ్ విల్లు రాయడానికి కూర్చున్నాను. మావారు కళ్ళజోడు పైకెత్తి, "నీ పేరున సెంటు భూమి లేదు, వీలునామా ఏమిటోయ్?" అన్నారు. ఆస్తి వీలునామా మనం పోయాక పనిచేస్తుంది, ఇది పోకముందు పనిచేస్తుంది అని చెప్పా. ఆయన టీ చల్లారబెట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయారు.

అసలు ఇది మన దేశంలో ఎలా వచ్చిందో రెండు ముక్కలు చెబుతా. ముంబయి కెఇఎం ఆసుపత్రిలో నర్సుగా పనిచేసిన అరుణా శాన్‌బాగ్ గుర్తుందిగా? 1973లో ఆమె మీద అత్యాచారం జరిగింది. అప్పట్నుంచి 2015లో పోయేదాకా అదే ఆసుపత్రిలో మంచానికే అంటుకుపోయి ఉంది. అక్కడి నర్సులే తరం తర్వాత తరం ఆమెని కడుపులో పెట్టుకుని చూసుకున్నారు. ఆమె కేసులో 2011లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పుతో మన దగ్గర ఈ చర్చకి తలుపు తెరుచుకుంది. 2018 మార్చి 9న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, గౌరవంగా పోవడం కూడా జీవించే హక్కులో భాగమేనంటూ లివింగ్ విల్లుకి చట్టబద్ధత ఇచ్చింది. అయితే అప్పట్లో దాని మీద మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు. పోవడం తేలిక, ఆ సంతకం సంపాదించడం కష్టం అన్నట్టుండేది వ్యవహారం. 2023 జనవరిలో ఆ నిబంధన సడలించి, నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ ధ్రువీకరిస్తే చాలన్నారు. మీకు 18 ఏళ్ళు నిండి, మనసు స్థిమితంగా ఉండి, ఎవరి బలవంతం లేకుండా రాస్తే సరి.

కంగారు పడకండి. ఇది "నన్ను చంపెయ్యండి" అని రాసిచ్చే కాగితం కాదు. మీరు మాట్లాడగలిగినన్నాళ్ళూ మీ మాటే చెల్లుతుంది. నయంకాని జబ్బుతో, కోలుకునే ఆశ లేకుండా, నోట మాట లేకుండా పడి ఉన్నప్పుడే దాన్ని బయటికి తీస్తారు. తీసిన వెంటనే ఎవరో వచ్చి మీట నొక్కెయ్యరు. వైద్యం చేస్తున్న డాక్టరు, ఆ రంగంలో అయిదేళ్ళయినా అనుభవం ఉన్న మరో ఇద్దరు కలిసి చూడాలి. తర్వాత రెండో బోర్డు చూడాలి. అందులో జిల్లా వైద్యాధికారి నియమించిన డాక్టరుంటారు. ఒక్కో బోర్డు వీలైతే 48 గంటల్లో తేల్చాలి. మేజిస్ట్రేటుకి కబురు చెయ్యాలి. ఆఖర్న సూదిమందిచ్చి ప్రాణం తీయడం మాత్రం మన దేశంలో ఇప్పటికీ నేరమే. కాగితం లేనివాళ్ళ విషయంలోనూ ఇంటివాళ్ళ అంగీకారంతో ఇదే దారి ఉంది. కానీ ఇంటివాళ్ళంతా ఒక్కమాట మీదకి రావాలి కదా! మా ఇంట్లో పెసరట్టులో అల్లం వెయ్యాలా వద్దా అన్నదే ఇంకా తేలలేదు.

నా మొదటి చిత్తుప్రతిలో ఏముందంటే: స్పృహ లేకపోయినా సరే తలకి రంగు వెయ్యడం మానొద్దు. నైటీలో ఉండగా ఆడపడుచు అత్తవారి వైపు వాళ్ళెవర్నీ లోపలికి రానివ్వొద్దు. నా మంచం పక్కన టీవీ సీరియల్ పెట్టొద్దు, తెలివొచ్చినా మళ్ళీ పోతుంది. మా అమ్మాయి చదివి, "అమ్మా, ఇది కోర్టు మెచ్చే కాగితమా, మగపెళ్ళివారి జాబితానా?" అంది. అది చించేసి మళ్ళీ మొదలుపెట్టాం.

"నన్ను గౌరవంగా సాగనంపండి" అని రాస్తే డాక్టరుకి ఏమీ అర్థం కాదు. ఏ పరిస్థితిలో ఏది వద్దో విడివిడిగా రాయాలి. వెంటిలేటరు, ముక్కుగొట్టంతో ఆహారం, డయాలసిస్, గుండె ఆగితే ఛాతీ నొక్కి మళ్ళీ కొట్టుకునేలా చెయ్యడం... ఒక్కొక్కటీ ఏమిటో మీ డాక్టరునడిగి తెలుసుకుని మరీ రాయండి. వద్దన్నవాటితోపాటు కావాల్సినవీ రాయండి. నేను నొప్పి తెలియకుండా మందులివ్వమని రాశా. పెదవులు తడుపుతూ ఉండమన్నా. వీలైతే ఇంటికి తీసుకుపొమ్మన్నా. చేతులు కట్టొద్దని రాసినప్పుడు మా అమ్మాయి ఏమీ మాట్లాడలేదు.

మన తరఫున మాట్లాడేవాళ్ళుగా ఒకరికి మించి పేర్లు రాయాలి. ఇదే అన్నిటికన్నా కష్టం. మనల్ని ప్రేమించేవాళ్ళు ఎలాగూ ఉంటారు. పదిమంది ముందు నిలబడి "ఇది మా అమ్మ మాట" అని చెప్పగలిగేవాళ్ళు కావాలి. మావారి పేరు రాయలేదు. కూరలో ఉప్పెక్కువైందని చెప్పడానికే ఆయనకి 30 ఏళ్ళు పట్టింది. మా అమ్మాయి పేరు ముందు రాసి, అబ్బాయిది తర్వాత రాశా. వాడికి పెళ్ళయితే కోడలికీ ఒక ప్రతి ఇస్తా. ఆసుపత్రిలో నా చేతిలో లేనిది ఆ పిల్ల చేతిలో ఉండాలి.

సాక్షులు ఇద్దరు కావాలి. బంధువులు కాకపోతే మేలు. పక్కింటావిడ పెన్ను పట్టుకుని, "ఇందులో సంతకం పెడితే మీ ఆసుపత్రి బిల్లు మా మీద పడుతుందాండీ?" అనడిగింది. బ్యాంకు హామీ సంతకాలతో చేతులు కాలినవాళ్ళు, పాపం. నోటరీ గారు కాగితం అటూ ఇటూ తిప్పి, "అమ్మేవారెవరు, కొనేవారెవరు?" అన్నారు. ఒక ప్రతి పురపాలక సంఘంలోగానీ పంచాయతీలోగానీ బాధ్యత ఉన్న అధికారికి ఇవ్వాలి. అక్కడి గుమస్తా రిజిస్టరు తెరిచి "చనిపోయినవారి పేరు?" అన్నాడు. "నేనేనండీ, ఇంకా కాలేదు" అన్నా. ఓపిగ్గా తీర్పు సంగతి చెప్పి, ఇచ్చినట్టు రసీదు తెచ్చుకున్నా. మీరూ తెచ్చుకోండి. మనసు మారితే ఎప్పుడైనా రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు.

అసలు కాగితాన్ని బీరువాలో పట్టుచీరల కింద దాచేరు సుమా! మనం ఐసీయూలో, బీరువా తాళంచెవి మన బొడ్లో... ఎవరికి లాభం? నేనైతే ప్లాస్టిక్ కవర్లో పెట్టి, అందరికీ తెలిసేలా పాల లెక్కల పుస్తకం పక్కన వేలాడదీశా.

మొన్న మా మరిది ఫోన్ చేస్తే ఈ సంగతి చెప్పా. అమెరికాలో 1991 నుంచీ ఆసుపత్రిలో చేరేటప్పుడే ఇలాంటి కాగితం ఉందా అని అడుగుతారట. వాడూ వాళ్ళావిడా ఎప్పుడో సంతకాలు పెట్టేశారట. "అమ్మని అడగాలని మాత్రం తట్టలేదు వదినా" అన్నాడు. కాసేపాగి, "అమ్మ నీతో ఎప్పుడైనా ఏమైనా అందా?" అన్నాడు.

చింతపండు రోజు సంగతి చెప్పాను. చాలాసేపు అటునుంచి ఏమీ వినబడలేదు. లైను పోయిందనుకుని పెట్టెయ్యబోతుంటే, "ఆ కాగితం మీ ఆయన చేత కూడా రాయించు వదినా" అన్నాడు.