నంబరొకరిది, బీడీలొకరివి

మా అవ్వ అడిగిన ఒక ప్రశ్నకు నేనింకా జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఈ వ్యాసం. మా వైపు చాలా ఇళ్లల్లో తల్లిని అవ్వ అనే పిలుస్తాం.

నేను నిజామాబాదులో కాలేజీ పిల్లలకు తెలుగు చెప్తాను. అవ్వ చిన్నతనంలో బోధన్ పక్క ఊళ్లో చెరుకు తోటల్లో కలుపు తీసింది. పెళ్లయి టౌనుకొచ్చాక ముప్పయ్యేళ్లు బీడీలు చుట్టింది. కొన్నేళ్ల కింద ఎనిమిది రాత్రులు పక్కన కూర్చుని ఆమె బతుకంతా చెప్పించుకుని ఫోన్లో రికార్డు చేశాను. దాన్ని రాసి ఒక సంకలనానికి పంపితే నా పేరుతో అచ్చయింది. కింద చిన్న అక్షరాల్లో 'మా అమ్మ జ్ఞాపకాల ఆధారంగా' అని ఉంది. సభలో అందరూ మెచ్చుకున్నారు. ఇంటికి తెచ్చి అవ్వకు చదివి వినిపించాను. అంతా విన్నది. "మంచిగనే ఉన్నది. గని నా పేరేడున్నది?" అని అడిగింది. ఆ చిన్న అక్షరాలు చూపించాను. "అమ్మ నా పేరా?" అని నవ్వింది. కాసేపాగి అన్నది: "అంటే నా బీడీలు నీ నంబర్ మీద వడ్డయన్నట్టు."

బీడీలు చుట్టే వాడల్లో ఈ మాట విప్పి చెప్పనక్కర్లేదు. కంపెనీ పుస్తకంలో పేరు, పీఎఫ్ నంబరు అందరికీ ఉండవు. నంబరు లేని ఆమె చుట్టిన బీడీలు నంబరున్న ఆమె లెక్కలో పడతాయి. కూలి పైసలు చేతికొస్తాయి కానీ చేసిన పనికి దాఖలా మిగలదు. అవ్వ మొదటి ఆరేడేళ్లు అట్లా వదిన నంబరు మీద చుట్టింది. 2015లో తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు నెలకు 1,000 రూపాయల భృతి మొదలుపెట్టినప్పుడు పీఎఫ్ దాఖలానే అడిగింది. ఎందరో ఆడవాళ్లు అరిగిపోయిన వేళ్లు చూపించారు. వేళ్లు దాఖలా కిందికి రావు.

సాహిత్యంలో మనం చేస్తున్నది ఇంతకన్నా వేరా? చదువుకున్న స్త్రీ తన బతుకు రాస్తే ఆత్మకథ అంటాం. చదువు లేని స్త్రీ తన బతుకు చెప్తే మౌఖిక చరిత్ర అంటాం, సాక్ష్యం అంటాం, పరిశోధనకు ముడిసరుకు అంటాం. మొదటామె రచయిత్రి. రెండో ఆమె 'సమాచారం ఇచ్చిన వ్యక్తి'. చెరుకు ఎవరు పండించినా బస్తా మీద ఫ్యాక్టరీ ముద్రే పడినట్టు!

ఆ ఫ్యాక్టరీ సంగతే చూడండి. 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ గొప్పలు, 2002లో ప్రైవేటు చేతికి పోవడం, 2015 డిసెంబరులో మూతపడటం, ఇవన్నీ ఎన్నోసార్లు చదివాం. నిజాంసాగర్ నీళ్ల గురించీ చదివాం. ఆ తోటల్లో ఆకు కోసుకుపోయిన చేతులతో కలుపు తీసిన ఆడవాళ్ల పేరుతో ఒక్క పుస్తకం నా చేతికి రాలేదు. వాళ్లకు చెప్పడానికేమీ లేకనా?

మనకు దారి లేదని కాదు. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను వాళ్ల పేర్లతో మన ముందు పెట్టింది. వినడం మాకు నేర్పింది ఆ పుస్తకమే. 2012లో కొండపల్లి కోటేశ్వరమ్మ 'నిర్జన వారధి' వచ్చింది. 2019లో మల్లు స్వరాజ్యం 'నా మాటే తుపాకీ తూటా' వచ్చింది. ఆమె చెప్తే ఇద్దరు రచయిత్రులు అక్షరంలో పెట్టారు. అయినా అది స్వరాజ్యం ఆత్మకథే. అందులో ఎవరికీ అనుమానం రాలేదు. పోరాటం పేరు తెచ్చిన స్త్రీకి ఇచ్చిన ఈ గౌరవం, చాట ముందు కూర్చుని నడుం వంగిపోయిన స్త్రీకి ఎందుకివ్వం?

ఆస్ట్రేలియా ఆదివాసీ రచయిత్రులు ఈ చిక్కును మనకన్నా ముందే ఎదుర్కొన్నారు. సాలీ మోర్గన్ 'మై ప్లేస్' 1987లో వచ్చింది. చిన్నప్పుడు ఆమెకు మనం ఇండియా వాళ్లమని చెప్పి పెంచారు. తన మూలాలు వెతుక్కుంటూ పోయి తల్లి, అమ్మమ్మ, అమ్మమ్మ అన్న చెప్పిన బతుకులను వాళ్ల మాటల్లోనే పుస్తకంలో చేర్చింది. అట్ట మీద పేరు మాత్రం సాలీ ఒక్కతెదే. 1994లో వచ్చిన 'ఆంటీ రీటా' అట్ట మీద తల్లి రీటా హగ్గిన్స్, కూతురు జాకీ హగ్గిన్స్ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. లోపల కూతురి మాట తల్లి మాటలో కరిగిపోదు. పక్కన నిలబడి మాట్లాడుతుంది. కూతురు చరిత్ర పరిశోధకురాలు. అయినా తల్లిని ముడిసరుకు చెయ్యలేదు. ఆ పుస్తకం చదివినప్పుడు నాకు సిగ్గేసింది.

రాసింది నువ్వే కదా, కూర్పు నీదే కదా అంటారు మిత్రులు. ఏం కూర్చాను? ఏది ముందు చెప్పాలో, ఎక్కడ నవ్వాలో, ఎక్కడ ఆగాలో అంతా ఆమెదే. నేను చేసింది చెరపడం. "బొక్కలల్ల నొప్పి" అంటే 'ఎముకల్లో వేదన' అని రాశాను. అవ్వను అమ్మను చేశాను. ఆమె భాషను తీసేసి, ఆ ఖాళీని నా శైలి అనుకున్నాను.

పేరు దాచడం ఆమె రక్షణ కోసమే అంటారు ఇంకొందరు. భర్త, అత్తగారిల్లు, యజమాని భయమున్నచోట దాచాల్సిందే. కానీ ఆ నిర్ణయం ఎవరిది? మనం అడిగామా? నేను అడగలేదు. పైగా నా పదోన్నతి దరఖాస్తులో ఆ రచనను చూపించుకున్నాను. ఇంట్లో ఆడవాళ్ల చాకిరీకి లెక్క లేదని క్లాసులో పాఠం చెప్పే మనిషిని నేను!

నేనడిగేవి పెద్ద కోరికలు కావు. చెప్పినామె పేరు ముందుండాలి, విని రాసినామె పేరు తర్వాత. అచ్చుకు ముందు ఆమెకు చదివి వినిపించాలి, వద్దన్నది కొట్టెయ్యాలి. పారితోషికం వస్తే ఆమెకూ వాటా ఉండాలి. ఆమె భాష ఆమె భాషగానే ఉండాలి. పత్రికలూ ప్రచురణకర్తలూ యూనివర్సిటీలూ దీన్ని దయగా కాదు, నియమంగా పాటించాలి. మనం స్త్రీవాదులమైతే ఆ నియమాన్ని ముందు మన రాతలకే పెట్టుకోవాలి.

సంకలనం మళ్లీ వేస్తే పేరు మార్చమని సంపాదకులకు ఉత్తరం రాశాను. "ఇంటిపేరు ఏది పెట్టాలె? అవ్వగారిదా, అత్తగారిదా?" అని అవ్వను అడిగాను. "రెండూ వద్దు. ఉత్త నా పేరు వెట్టు" అన్నది.

ఇన్ని చెప్పి ఇక్కడ ఆమె పేరెందుకు రాయలేదని మీరడుగుతారు. ఈసారి ముందే అడిగాను. "ఇది నీ తప్పు ముచ్చట. దీనికి నీ పేరే ఉండనియ్యి. నా పేరు నా కథ మీద వెట్టు" అన్నది.