గడువు 11.59కి... డేటా 12 గంటలకి!

రాత్రి పదకొండున్నర. దరఖాస్తుకు ఆఖరి గడువు 11.59. ఫొటో, సంతకం ఎక్కించేశారు. రెండు ఎంబీల సర్టిఫికెట్ల పీడీఎఫ్ ఒక్కటే మిగిలింది. సరిగ్గా అప్పుడే ‘మీ రోజువారీ డేటా పూర్తయింది’ అని మెసేజ్. కొత్త కోటా ఎప్పుడొస్తుంది? 12 గంటలకు. అంటే గడువు దాటిన మరు నిమిషంలో!

మీలో చాలామందికి ఇది తెలిసిన బాధే. ‘కోటా అయిపోయినా నెట్ ఆగదు, వేగం 64 కేబీపీఎస్‌కు తగ్గుతుంది’ అని చాలా ప్లాన్ల కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఒకసారి లెక్క వేయండి. ఒక ఎంబీ అంటే సుమారు 8 వేల కిలోబిట్లు. 64తో భాగిస్తే 125 సెకన్లు. మీ పీడీఎఫ్‌కు కాగితం మీదే నాలుగు నిమిషాల పైన పడుతుంది. అంతసేపు ఆ వెబ్‌సైట్ మీ కోసం కూర్చోదు, ‘సెషన్ ఎక్స్‌పైర్డ్’ అనేస్తుంది.

నేను లాప్‌టాప్‌కు డాంగిల్ గుచ్చుకునే రోజుల నుంచీ మొబైల్ నెట్ మీదే బతుకుతున్నా. ఒక జీబీకి 250 రూపాయల దాకా పోసిన కాలం అది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక నెలకో జీబీ వాడేవాళ్లం రోజుకో జీబీకి అలవాటు పడ్డాం. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఒకటే. ప్రకటనల్లో చూపించే వేగం వేరు, ఉద్యోగాల వేటలో మనకు పనికొచ్చేది వేరు.

ఓ వీడియో ఇంటర్వ్యూలో నా మాట అవతలివాళ్లకు ముక్కలు ముక్కలుగా చేరింది. నాకు మాత్రం వాళ్లు శుభ్రంగా కనిపిస్తున్నారు, వినిపిస్తున్నారు. ‘మీ నెట్ బాగాలేనట్టుంది’ అని వాళ్లంటే నమ్మలేదు. తర్వాత స్పీడ్ టెస్ట్ చేస్తే డౌన్‌లోడ్ 30 ఎంబీపీఎస్ ఉంది, అప్‌లోడ్ ఒకటి కూడా లేదు! సినిమా చూడటానికి డౌన్‌లోడ్ చాలు. మనం ఎదుటివాళ్లకు కనిపించాలంటే, వినిపించాలంటే అప్‌లోడ్ కావాలి. ఆ ఉద్యోగం రాలేదు. నెట్ వల్లే పోయిందని చెప్పను గానీ, ఆ రోజు నుంచి ఆ రెండో అంకె చూడకుండా ఏ ఇంటర్వ్యూకీ కూర్చోలేదు.

టెస్ట్ కూడా ఇంటర్వ్యూ జరిగే టైమ్‌కే, కూర్చోబోయే చోటే చేయాలి. ఒక టవర్ కింద ఉన్నవాళ్లందరూ ఆ వేగాన్ని పంచుకోవాల్సిందే. అమీర్‌పేట హాస్టల్లో ఫోన్ నిండా సిగ్నల్ గీతలున్నా సాయంత్రం నెట్ నత్తనడక నడిచేది అందుకే. అదే సిమ్ సంక్రాంతికి ఊరెళితే డాబా మీద తప్ప పని చేయకపోవచ్చు.

ఇంకో తిరకాసు 5జీ. ‘అన్‌లిమిటెడ్’ అని ధీమాగా ఉంటాం. గది లోపలికి రాగానే ఫోన్ 4జీకి జారిపోతుంది, అక్కడి నుంచి వాడిందంతా రోజు కోటాలోంచే పోతుంది. లాప్‌టాప్‌కు హాట్‌స్పాట్ ఇచ్చారా, విండోస్ అప్‌డేట్ చెప్పాపెట్టకుండా మొదలై మిగిలిందీ మింగేస్తుంది. సెట్టింగ్స్‌లో ఆ హాట్‌స్పాట్‌ను ‘మీటర్డ్ కనెక్షన్’గా మార్చితే ఆ బెడద చాలావరకు తగ్గుతుంది.

ఇక వ్యాలిడిటీ సంగతి. 28 రోజులంటే నెల కాదు. ఏడాదికి 12 కాదు, 13 రీఛార్జులు. ఇంటి నుంచి వచ్చే డబ్బులు నెలకోసారి, రీఛార్జ్ మాత్రం ప్రతిసారీ రెండు మూడు రోజులు ముందుకు జరుగుతుంది. ఈ గోల మీద ఫిర్యాదులు వచ్చాకే 2022లో ట్రాయ్ ప్రతి కంపెనీ కనీసం ఒక 30 రోజుల ప్లాన్, ప్రతి నెలా అదే తేదీకి వచ్చే ప్లాన్ ఒకటి ఉంచాలని చెప్పింది. యాప్‌లో అవి పైన కనిపించకపోవచ్చు, కిందికి వెళ్లి వెతకండి.

డబ్బుల్లేక నంబరునే వదిలేయడం మాత్రం ఖరీదైన పొదుపు. దరఖాస్తుల్లో ఇచ్చింది ఆ నంబరే, ఓటీపీ వచ్చేదీ, ఇంటర్వ్యూ పిలుపు వచ్చేదీ దానికే. 90 రోజులు ఏ వాడకమూ లేకుండా, బ్యాలెన్స్ కూడా లేకుండా ఉంటే నంబరు రద్దు కావచ్చు. కొన్నాళ్లకు అది ఇంకొకరి చేతికి వెళుతుంది. అప్పుడు మీకు రావాల్సిన కాల్ ఎవరో ఎత్తుతారు, ‘రాంగ్ నంబర్’ అంటారు.

నెట్‌వర్క్ నచ్చకపోతే నంబరు మార్చక్కర్లేదు, పోర్ట్ కావచ్చు. ఇంగ్లిష్‌లో పోర్ట్ అని టైప్ చేసి, స్పేస్ ఇచ్చి, మీ పదంకెల నంబరుతో 1900కు మెసేజ్ పంపితే కోడ్ వస్తుంది. మన దగ్గర అది నాలుగు రోజులే చెల్లుతుంది. పాత కంపెనీలో 90 రోజులు నిండి ఉండాలి. మారే సమయంలో కొన్ని గంటలు ఫోన్ మూగబోతుంది కాబట్టి పరీక్షలున్న వారంలో ఆ పని పెట్టుకోకండి.

నియామకాలు చేసేవాళ్లకూ ఓ మాట. గడువును అర్ధరాత్రికి ఒక్క నిమిషం ముందు పెట్టే బదులు మర్నాడు ఉదయం పది గంటలకు పెడితే వాళ్లకు పోయేదేమిటో నాకు తెలీదు. వాళ్లు మార్చేదాకా మీ జేబులో రెండో సిమ్ వేరే కంపెనీది ఉండనివ్వండి. అదీ లేకపోతే రాత్రి పదిన్నరకే పక్క గది ఫ్రెండ్‌ను అడిగిపెట్టుకోండి, ‘ఒరేయ్, ఇవాళ నీ డేటా ఎంత మిగిలింది?’ అని.