ఉపేక్షితమైన చెట్టునకు నూతన రూపము

పెద్దవృక్షమును తొట్టిలో నిముడునట్లు పెంచి, దాని గాంభీర్యము చెడకుండ కాపాడు విద్యను జపానీయులు బొన్సాయి యందురు. 1923వ సంవత్సరపు మహాభూకంపము పిమ్మట టోకియో నగరమును వీడిన తోటమాలులు, 1925వ సంవత్సరమున ఓమియాలో ఈ విద్యకై యొక పల్లెనే నెలకొల్పిరి. ఈ విద్యలో మిగుల మన్నన గాంచిన చెట్లలో జూనిపెర్ యొకటి. కొన్నియేండ్లు ఎవరును కత్తెర పెట్టక విడిచిన జూనిపెర్ మన చేతికి వచ్చినపుడు దానికి ఏ రూపము నొసంగవలయును? ఈ విషయమున మా యభిప్రాయమును చదువరులకు విన్నవింపగోరుచున్నాము.

రూపములు పెక్కు గలవు. నిటారుగ నిలుచునది చొక్కాన్. వంపులు తిరుగుచు పైకి పోవునది మోయోగి. ఒక ప్రక్కకు ఒరిగినది షకాన్. కొండచరియనుండి జాఱినట్లు తొట్టి యంచు దాటి క్రిందికి వ్రేలునది కెంగాయి. సన్నని మ్రానును కొలది కొమ్మలును గలది బుంజిన్. పలువురు చిత్రపటమును జూచి మొదటనే యొక రూపము నెన్నుకొని, దానికి అడ్డువచ్చు కొమ్మల నెల్ల నఱికివైతురు. ఇది పొరపాటని మా దృఢాభిప్రాయము.

ఏలయన, మన వేపచెట్టు మోడైనను మరల చిగుర్చును. జూనిపెర్ స్వభావ మట్టిది కాదు. పచ్చదనము లేని ముదురుకొమ్మ సాధారణముగ చిగుర్పదు. ఉపేక్షింపబడిన చెట్టున వెలుపలి గుబురు నీడవలన లోపలి యాకు ఎండిపోయి, పచ్చదనమంతయు కొనలయందే మిగులును. తొందరపడి కొనలను కత్తిరించినచో కొమ్మయే చచ్చును. మఱియు వేళ్లు చెడినను ఆకు కొన్ని వారములు పచ్చగనే యుండి మనలను మోసపుచ్చును. కావున మొదటి యేడు ఎండయు, గాలియు, మితమైన నీరును ఇచ్చి చెట్టును కోలుకొననీయవలెను. ఒకే ఋతువున కొమ్మలను, వేళ్లను రెంటిని కోయరాదు.

పిమ్మట బెరడుక్రింద జీవము ఏ దారిని పోవుచున్నదో వెదకవలెను. వేరునుండి పచ్చని కొమ్మకు పోవు ఆ దారియే రూపమును నిర్ణయించును. క్రిందికొమ్మ యొక్కటియే బలముగ నున్నచో కెంగాయి తగును. మ్రాను సన్ననై, పైన కొంచెము ఆకు మాత్రమే మిగిలినచో బుంజిన్ తగును.

చచ్చిన కొమ్మను దాచ నక్కఱలేదు. బెరడు ఒలిచి, సున్నమును గంధకమును కలిపి కాచిన ద్రావకమును పూసినచో, అది తెల్లబడి చిరకాలము నిలుచును. దానికి జిన్ అని పేరు. ఇతోయిగావా ప్రాంతపు సున్నపురాతి కొండలయందు మంచుచేతను, రాలురాళ్లచేతను దెబ్బ తినిన చెట్లు ఇట్టి తెల్లని మోడులతోనే బ్రదికినవి. ఆ గాయములే వాని కందమైనవి.

ఈ పద్ధతివలన కాలము వ్యర్థమగునని కొంద ఱాక్షేపింతురు. అమెరికాలో జాన్ నాకా 1948వ సంవత్సరమున ఆరంభించిన "గోషిన్" అను పదునొకండు జూనిపెర్ల వనము, 1984వ సంవత్సరమున వాషింగ్టన్ నగరపు జాతీయ వృక్షవనమునకు చేరెను. నడుమ గడచినవి 36 ఏండ్లు. అతడు తొందరపడలేదు.

చెట్టును ఉపేక్షించినది మనుష్యుడు, శిక్ష చెట్టునకేల? రూపము నెన్నుకొనుటకు ముందు, అది తన్ను తాను ఎట్లు బ్రదికించుకొనెనో నిదానించి చూతము. తరగతిలో వెనుకబడిన తోడివాని విషయమునను మన మిట్లే చేయుట న్యాయమని మేము తలంచుచున్నాము.