మొక్క సరే... నీళ్లు మోసేదెవరు?

ఉగాది దగ్గర పడిందంటే చాలు, మన తిరుపతి, చిత్తూరు రోడ్ల పక్కన నర్సరీ మొక్కలు బారులు తీరతాయి. గులాబీలు, క్రోటన్లు, కాయలతో సహా ఊగే బుల్లి నిమ్మచెట్లు... చూస్తే చెయ్యి ఊరుకోదు. ఇంటిల్లిపాదీ బేరమాడి నాలుగు కుండీలు ఇంటికి తెచ్చుకుంటాం. మే నెల వచ్చేసరికి అందులో మూడు ఎండిపోతాయి. చివరికి మిగిలేది ఒక్క మాట: "నీ చేతిలో మొక్క బతకదు!"

ఆ మాట పడేది ఎవరో వేరే చెప్పాలా? నన్నడిగితే ఇది చేతి గుణం కానే కాదు. మొక్కను ఎంచుకోవడంలోనే ఉంది తిరకాసు.

కథల్లో వసంతమంటే చివుళ్లు, కోయిలలు. మన దగ్గర వసంతమంటే ఎండాకాలానికి గడప. చైత్రం దాటకుండానే తిరుపతిలో ఎండ 40 డిగ్రీలను తాకుతుంది. మిద్దె మీద కాలు పెట్టలేం. పలమనేరు, కుప్పం వైపు గాలి కాస్త చల్లగా ఉన్నా, బోర్లు అడుగంటే కాలం అక్కడా అదే. ఇక ఆ బండి మీది మొక్కలు ఎక్కడివి? ఎన్నో కడియం నర్సరీల నుంచి లారీల్లో వచ్చినవి. గోదావరి కాలువ నీళ్లు తాగి, పచ్చ వల నీడలో పెరిగిన పసివి. వాటిని తెచ్చిన రోజే మిద్దె మీది ఎండలో పెట్టడమంటే, కొత్త కోడల్ని గడప దాటగానే పొయ్యి ముందు కూర్చోబెట్టడమే!

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. ఇంట్లో 20 కుండీలున్నాయనుకోండి. మండుటెండల్లో ఒక్కో కుండీకి పూటకు లీటరున్నర నీళ్లు పోసినా రెండు పూటలకు 60 లీటర్లు. అంటే 15 లీటర్ల బకెట్లు నాలుగు. కొళాయి కింద, కుండీలు మిద్దె మీద. మొక్కలు కొనేటప్పుడు అందరూ ఉంటారు. మెట్లెక్కి నీళ్లు మోసేటప్పుడు మాత్రం ఒక్కరే ఉంటారు. పిల్లల సెలవుల్లో పుట్టింటికి నాలుగు రోజులు వెళ్లాలన్నా, "మరి మొక్కలో?" అని ఆగిపోయే ఆడవాళ్లు మనలో ఎంతమంది లేరు?

అందుకే సులువుగా పెరిగే మొక్క అంటే నా లెక్క వేరు. మొక్కకు సులువైతే చాలదు, ఇల్లాలికీ సులువు కావాలి. బాగా నీళ్లు పట్టి, కుండీని నీడకు జరిపి, నాలుగు రోజులు ఊరికి వెళ్లొస్తే బతికి ఉండాలి. నేలలో వేరూరిన మొక్కైతే వారం రోజులైనా ఓర్చుకోవాలి. ఈ పరీక్షలో నెగ్గిందే మన ఇంటి మొక్క.

అలాంటివి ఉన్నాయా అంటారా? ఒక్కసారి శేషాచలం కొండల వంక చూడండి. ఎర్రచందనం సహజంగా పెరిగేది ఈ చుట్టుపక్కల కొండల్లోనే. రాళ్ల సందుల్లో, నెలల తరబడి వాన చినుకు లేకపోయినా నిలబడుతుంది. మన నేలకు ఓర్పున్న మొక్కలే నప్పుతాయి.

పూల మొక్కల్లో నందివర్ధనానిదే పెద్దపీట. పూజకు రోజూ గుప్పెడు తెల్లపూలు ఇస్తుంది, పెద్దగా ఏమీ అడగదు. దేవగన్నేరు కొమ్మ గుచ్చినా బతుకుతుంది. కాగితపు పూల తీగకు నీళ్లు తగ్గిస్తేనే పూత ఎక్కువ. గన్నేరు మహా మొండిది, మేకలు కూడా ముట్టవు. కానీ దాని ఆకు, పువ్వు, కాయ అన్నీ విషమే. పసిపిల్లలున్న ఇంట్లో వద్దు. తలలో పూలు కావాలంటే మల్లె ఉండనే ఉంది. చలికాలంలో కొమ్మలు కత్తిరిస్తే ఎండలు ముదిరేకొద్దీ విరగబూస్తుంది. కనకాంబరానికి సగం నీడ ఇస్తే చాలు.

పండ్ల మొక్కల్లో సీతాఫలం మన కొండల బిడ్డ. ఎండాకాలంలో ఆకంతా రాల్చి కట్టెలా నిలబడితే చచ్చిపోయిందని పీకేయకండి. తొలి చినుకులకు మళ్లీ చిగురిస్తుంది. జామ అంటు తెచ్చుకుంటే రెండు మూడేళ్లలో కాయ తినొచ్చు. నిమ్మకు కాస్త ఓపిక పట్టాలి గానీ, కాపుకొచ్చాక మజ్జిగలోకి, పులిహోరలోకి బజారుకు పరుగెత్తే పని తప్పుతుంది. దానిమ్మ కూడా ఓర్పుగలదే. అయితే ఒకరోజు కుమ్మరించి పదిరోజులు మరిచిపోతే కాయలు పగులుతాయి. మామిడి మాటా? మన జిల్లాలో బేనీషా, తోతాపురి తోటలు ఎన్నున్నా, రెండు సెంట్ల ఇంటి స్థలంలో మామిడి పెట్టడం గోడకూ, పక్కింటి స్నేహానికీ మంచిది కాదు.

ఇంకో మాట. ఉగాదికి మొక్క కొనాలన్న సరదా ఉంటే పూలమొక్క కొనండి. పదిరోజులు నీడలో ఉంచి, తర్వాత కొద్దికొద్దిగా ఎండ అలవాటు చెయ్యండి. పండ్ల మొక్కకు మాత్రం ఉగాదికి గుంత తీస్తే చాలు. రెండడుగుల లోతు, రెండడుగుల వెడల్పు. ఆ గుంత ఎండాకాలమంతా ఎండనివ్వండి. పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి నింపి, వానలు మొదలయ్యాక మొక్క నాటండి. మనకు ఆశ్వయుజ, కార్తీకాల్లోనూ వానలుంటాయి కాబట్టి అప్పుడు నాటినా ఆలస్యమేం లేదు. వాన పోసే నీళ్లకు మన నడుం నొప్పి పుట్టదు కదా! అంటు మొక్కైతే అతుకు మట్టిలో పూడిపోకుండా చూడండి. అతుకు కింద వచ్చే చిగుళ్లు తుంచేయండి.

నీళ్ల పొదుపుకూ మార్గాలున్నాయి. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు మొక్కలకే పోయండి. ఉప్పు వేసినవి, సబ్బు నీళ్లు వద్దు. వాటర్ ఫిల్టరు వదిలే నీళ్లలో లవణాలు ఎక్కువ. గన్నేరు, కాగితపు పూలు ఓర్చుకుంటాయి, నిమ్మ ఓర్చుకోదు. మొదళ్ల చుట్టూ చెనక్కాయ పొట్టు మందంగా పరిస్తే తేమ నిలుస్తుంది. మన పల్లెల్లో దానికి కరువా? చెట్టు పక్కన మట్టికుండ పూడ్చి నీళ్లు నింపి మూత పెడితే, కుండ చెమర్చినంత తేమ వేరుకు అందుతూనే ఉంటుంది.

"మాకు మొక్కలు పని కాదమ్మా, మనశ్శాంతి" అనేవాళ్లూ ఉన్నారు. నిజమే, పొద్దున్నే పూసిన పువ్వును చూస్తే పోయే చిరాకు దేంతోనూ పోదు. గులాబీ అంటే ప్రాణమైతే ఒక గులాబీ పెట్టుకోండి, దాని ముద్దుమురిపాలు తీర్చండి. కానీ శాంతినిచ్చే మొక్కలు ఆరు చాలు. ఇరవై అయ్యేసరికి అది ఇంకో చాకిరీ అవుతుంది. ఇంటెడు పనికి తోడు మిద్దె పని కూడా ఎందుకు నెత్తిన వేసుకోవాలి?

అందుకే ఈసారి నర్సరీ ముందు ఆగినప్పుడు ధర కంటే ముందు, "నీళ్లు లేకుండా ఎన్నాళ్లు ఉంటుంది?" అని అడగండి. అలాగే డబ్బులు ఇచ్చేముందు వెనక్కి తిరిగి ఇంట్లోవాళ్లనూ ఒక మాట అడగండి: "సోమవారం నీళ్లు ఎవరు పోస్తారు? మంగళవారం ఎవరు?" వారానికి ఏడు రోజులు. ఏడింటికీ ఒకే పేరు వినిపిస్తే ఆ మొక్కను అక్కడే ఉంచేసి రండి. దాన్ని తీసుకెళ్లే ఇల్లు ఇంకొకటి ఉంటుంది.